పైవాటాలో ప్రస్థానం

విజయవాడ, శుక్రవారం

అమ్మమ్మా, ఫోన్లో నీకు సగమే వినిపిస్తుందని కార్డు రాస్తున్నాను, కంగారుపడకు.

వచ్చే మంగళవారం స్నేహితులతో బాలి వెళ్తున్నాను కదా. మంగళవారం ప్రయాణం కూడదన్నావని, మొన్న బుధవారమే మంచి గడియలో నా పెట్టెను పైవాటా రమాసుందరిగారింట్లో, నేనే బయల్దేరినట్టు లెక్కగా, ప్రస్థానం పెట్టాను. పొరపాటున పాస్‌పోర్టూ అందులోనే ఉండిపోయింది. నిన్న డాలర్లు కొనడానికి అది కావాల్సివస్తే, వాళ్లు తాళం వేసుకుని మైలవరం పెళ్లికి వెళ్లారు. నాతో వచ్చే వేదశ్రీ ఒకటే నవ్వు: “నీకంటే నీ పెట్టే నయమే, ముందే బయల్దేరింది!”

ఇవాళ రమాసుందరిగారు తిరిగొచ్చారు గానీ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. “పెట్టె వెనక్కి పట్టుకెళ్తే ప్రస్థానం చెడుతుందమ్మా. రేపు మీ అమ్మమ్మగారికి నేనేం చెప్పను?”

పాస్‌పోర్టు ఒక్కటే తీసుకుని కిందికి దిగాను. పెట్టెను కదపలేదు.

నీ మోకాలి నూనె అయిపోయిందా? కిరీటి మామయ్యతో కబురు చెయ్యి. గోంగూర పచ్చడి పంపకు, చోటు లేదు.

పాస్‌పోర్టు ఇల్లు చేరినందుకు ప్రస్థానం చెడిందో లేదో నువ్వే తేల్చుకో. మంగళవారం పొద్దున విమానం అందుకోడానికి రైలు మాత్రం ఎక్కుతాను. ఏది తేల్చినా, ఆ పూట అక్షింతలు అక్కణ్ణించే వేసెయ్యి.

నీ సింధూరి