విప్పి చూడని మూట

బంగారుపాళ్యం,
ఆదివారం.

నాయన పాదాలకు మునిచంద్ర నమస్కరించి వ్రాయునది. నేను క్షేమం, నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఆకుమందులు నేర్పే వరదమ్మ గారికి చవితిలోపు నా మీద నమ్మకం కుదరకపోతే ఇంటికి వచ్చి మరమగ్గాలు చూసుకోమన్నారు కదా. నిన్న కుదిరింది.

వచ్చిన కొత్తలో కామెర్ల మందుకని మామిడితోటలో నేల ఉసిరి కోసి తెస్తే, ఆమె వాసన చూసి దిబ్బలో పారబోశారు. "మొక్క పేరు బుక్కులో సదివినావు గానీ, తోటకు మందు కొట్టినారా అని అడగను నేర్సుకోలేదేమప్పా!" అన్నారు. ఆనాటి నుంచి నేను తెచ్చిన ప్రతి మూటనూ విప్పి, చేటలో పరిచి, రెమ్మ రెమ్మా వాసన చూసేవారు. నిన్న తోటలన్నీ దాటి, పురుగుమందు సోకని గుట్ట అంచుకు వెళ్ళి, విత్తనానికి కొన్ని మొక్కలు వదిలి, మిగిలినవి కోసి తెచ్చాను. ఆమె మూట ముట్టుకోలేదు.

"ఒకసారి చూడండమ్మా" అన్నాను.

"సూసేదేముండాది? నువ్వు తెచ్చిందే కదా! కడిగి నూరు పో."

కనుక దీపావళి వరకు ఇక్కడ ఉండటానికి అనుమతించగలరు. అటక మీది మందు నూరే చిన్న కల్వం, నా పాత కళ్ళజోడు తమ్ముడు గోపీ చేత పంపగలరు. రెండో మగ్గం మోటారు బాగయిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

అమ్మ మోకాళ్ళ కాపడానికి వావిలాకు మూట కట్టి ఉంచాను, గోపీకి ఇచ్చి పంపుతాను. అమ్మ ఏదైనా విప్పి చూస్తే గానీ నమ్మదు. వరదమ్మ గారే నా మూట విప్పలేదని అమ్మతో చెప్పండి.

మీ కుమారుడు,
మునిచంద్ర