కొవ్వొత్తి మైనం

పల్నాడు తాలూకా,
18-4-1961, మంగళవారం.

యేసు మరియ జోజప్పలకు స్తోత్రం.

చిరంజీవి కుమారి మార్తమ్మకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేను, మీ నాన్న, రెండు గేదెలు, పోయిన నెల పుట్టిన దూడ, అందరం క్షేమం. మేము క్షేమంగా ఉండకూడదని ఈ ఊళ్ళో కొందరికి ఉంది కాని, వాళ్ళ కోరిక తీరలేదు. హాస్టల్లో మజ్జిగ పోస్తున్నారని రాశావు, సంతోషం. దూడ ఆడదా మగదా అని అడిగావు. ఆడదే. ఇంట్లో మన బలం పెరిగింది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. ఆదివారం గుడిలో అందరి ముందు నిలబడి, "తెలియక చేశాను" అని ఒక్క మాట అనేయమన్నావు. ఫాదరుగారు నీ నడవడి గురించి రాసిచ్చే పత్రం నెలాఖరుకల్లా అందకపోతే ట్రైనింగు స్కూల్లో సీటు రాదన్నావు. నీకు ఈ సంగతంతా మన గుడి ఇశ్రాయేలు ఉపదేశిగారి కూతురు చెప్పినట్టుంది. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు నేను రాస్తాను.

పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదరుగారు పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు కదా, ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా. మన గుడిలో ఇది మొదలై నాలుగేళ్ళే అయింది. ఈ ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలం ఇంకా మొదలవకముందే, పన్నెండోవాడుగా మీ నాన్న పేరు చదివారు. ఆ పన్నెండో కుర్చీలో నేను వెళ్ళి కూర్చున్నాను. నేను చేసిన నేరం ఇదే.

ఫాదరుగారు వరుసగా పదకొండుమందికి కడిగి, తుడిచి, నా దగ్గరికి వచ్చి ఆగారు. నేను కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి కుడికాలు చాచాను. వెనకనుంచి ఉపదేశిగారు, "ఏందిది ఆరోగ్యమ్మా? లే, లే! మగాళ్ళ కుర్చీ అది" అన్నారు. నేను లేవలేదు. ఫాదరుగారు నా కాలు చూశారు, నా ముఖం చూశారు, తువాలు భుజాన వేసుకొని బలిపీఠం దగ్గరికి వెళ్ళిపోయారు. నా కాలు పొడిగానే ఉండిపోయింది. పూజ అయిపోయేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

నాన్న ఎందుకు ఊరుకున్నాడని అడిగావు. ఊరుకోవడమేమిటి, పంపిందే ఆయన. పేరు చదివిన రోజు ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా, "నా కాళ్ళెందుకే కడగటం? గుడి కట్టేటప్పుడు నేను బండి తోలా. కూర్చొని తోలా. సున్నంలో నడిచింది నువ్వు. పోయి నువ్వు కూర్చో, ఎవడేమంటాడో నేను చూస్తా" అన్నాడు. అనడం ఆయన అన్నాడు కాని, ఆ కోరిక నాలో నాలుగేళ్ళుగా ఉంది. ఇప్పుడు టీ కొట్టు దగ్గర మీ నాన్నను, "ఏం అంతోనీ, పెళ్ళాం కొంగు పట్టుకున్నావంటగా" అని ఏడిపిస్తున్నారు. "గట్టి కొంగులే, చిరగదు" అని చెప్పి టీ తాగి వస్తున్నాడు.

ఆ గుడి కట్టేటప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. సున్నం నూరే గానుగలోంచి తీసిన తడి సున్నం ఆడవాళ్ళమే తట్టల్లో మోశాం. మగవాళ్ళకు తోలుచెప్పులుండేవి, మాకు లేవు. తట్టలోంచి కారిన సున్నంలోనే పొద్దస్తమానం నడిచాం. అది మడమలు తినేసింది. నా పగుళ్ళకు నీ వయసే ఉంది. చలికాలం చింతగింజ పట్టేంత విచ్చుకునేవి. దుప్పటి దారాలు పట్టుకొని పోగులు లేచేవి. చిన్నప్పుడు నువ్వు నా కాళ్ళవైపు పడుకోనని ఏడ్చేదానివి, గీరుకుంటున్నాయని. నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. నాన్న పేరు చదివిన మర్నాడే, నాన్న కాళ్ళ పగుళ్ళకు మందు కనుక్కొని రాయమన్నాను. నువ్వు పాపం హాస్టల్లో నర్సు సిస్టరుగారిని అడిగి పేజీ నిండా రాశావు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు నానబెట్టమని, మెత్తబడ్డాక ఇటుక ముక్కతో నెత్తురు రాకుండా మెల్లగా రుద్దమని, తడి తుడిచి, కొబ్బరినూనెలో కొవ్వొత్తి మైనం కరిగించి, చల్లారాక పగుళ్ళలో పెట్టి పాతగుడ్డ చుట్టమని. నాన్న కాళ్ళు నయమయ్యాయా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. మీ నాన్న కాళ్ళకు ఏమీ లేదు తల్లీ. ఆ మందు నాకోసం అడిగాను. నాకోసమని రాయడానికి సిగ్గేసింది, ఎందుకని అడుగుతావేమోనని భయమూ వేసింది.

గుడి ఊడ్చేటప్పుడు కొవ్వొత్తుల కింద కారిన మైనం గోటితో గీకి కొంగున కట్టుకొని తెచ్చేదాన్ని. రోజూ వంట అయ్యాక అదే పొయ్యి మీద నీళ్ళు కాచుకొని, నలభై రోజులు, ఒక్కరోజు మానకుండా చేశాను. మొదటివారం ఉప్పు మంటకు పళ్ళు బిగపట్టాను. నాన్న పక్కన కూర్చొని విసనకర్రతో కాళ్ళకు విసిరేవాడు. మూడోవారానికి పగుళ్ళు పూడటం మొదలైంది. గురువారం నాటికి మడమ తడుముకుంటే ఎవరి కాలో పట్టుకున్నట్టు అనిపించింది.

మరి తెలియక చేశానని ఎట్లా అననే? నలభై రోజులు తెలియకుండా ఎవరైనా కాళ్ళు రుద్దుకుంటారా?

అయినా నీకోసం అనేద్దామనే మొన్న ఆదివారం వెళ్ళాను. నీ ఉత్తరం రవికలో పెట్టుకున్నాను. పూజ అయ్యాక ఉపదేశిగారు నన్ను ముందుకు పిలిచి, "మొగుడి కుర్చీ ఖాళీగా ఉంటే తెలియక కూర్చున్నా అని చెప్పమ్మా, చాలు. అందరం మర్చిపోదాం" అన్నారు. మెత్తగానే అన్నారు, అబద్ధమెందుకు. నేను నోరు తెరిచాను. అప్పుడు కాళ్ళ కింద నాపరాయి చల్లగా తగిలింది. ఆ రాళ్ళు పరిచి పదిహేడేళ్ళయింది. రోజూ వాటిని ఊడ్చేది నేనే. వాటి చల్లదనం నా మడమలకు తగిలిందని నేను గమనించడం అదే మొదలు.

"తెలిసే కూర్చున్నానండీ. నలభై దినాలు కాళ్ళు రుద్దుకొని మరీ కూర్చున్నా" అన్నాను.

"చూశారా ఫాదర్, ఎంత పొగరో!" అన్నారు ఉపదేశిగారు. ఫాదరుగారు చెయ్యెత్తి ఆయనను ఆపారు. "రుద్దుకోవడం ఎందుకమ్మా?" అని నన్ను అడిగారు.

"మీ చేతులకు గీరుకుంటాయని, ఫాదర్."

ఆయన తన చేతులవంక చూసుకున్నారు. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

నీ పత్రం సంగతి మరిచిపోయి అలా అన్నాననుకోకు. గుర్తుండే అన్నాను. నీ ఉత్తరం నా గుండెకు ఆనుకొనే ఉంది. అది నీకు నేను చేసిన అన్యాయమే అనిపిస్తే, తిట్టుకో, పడతాను. కాని ఆ కాగితంలో రాయవలసింది నీ నడవడి, నా కాళ్ళ సంగతి కాదు. రేపు పొద్దున నేనే వెళ్ళి అడుగుతాను, తలెత్తుకొనే అడుగుతాను. ఇస్తే అదే రోజు పోస్టు చేస్తాను. ఇవ్వకపోతే సత్తెనపల్లిలోనో మరెక్కడో ఇంకో స్కూలు చూద్దాం, గేదెలున్నాయి, నా రెక్కలున్నాయి. నేను అబద్ధమాడి తెచ్చిన కాగితంతో నువ్వు పంతులమ్మవు కావడం నాకిష్టం లేదు.

ఇంకొకటి రాయడం మరిచాను. నిన్న సోమవారం గుడి ఊడ్వడానికి వెళ్తే కొవ్వొత్తుల కింద మైనం చుక్క కూడా లేదు. ఎవరో శుభ్రంగా గీకేశారు. ఎలుకల పని అనుకున్నాను. ఇంటికి వస్తుంటే, అప్పట్లో నాతో తట్టలు మోసిన ఎలిజబెత్ పెద్దమ్మ, అరవై దాటిన మనిషి, ఆదివారం గుడి బయట నన్ను మందేమిటని అడిగి తెలుసుకున్నది, గుమ్మంలో కాళ్ళు నీళ్ళ బేసినులో పెట్టుకొని కూర్చొని ఉంది. చేతిలో ఇటుక ముక్క.

"ఏమే ఆరోగ్యం, ఉప్పెంత వెయ్యాలే?" అంది.

"గుప్పెడు" అన్నాను.

ఇవాళ ఇంకో ముగ్గురు వచ్చి అడిగారు. వచ్చే పవిత్ర గురువారానికి ఇంకా ఏడాది ఉంది, తొందరపడి నెత్తురు తెచ్చుకోకండి, మెల్లగా రుద్దుకోండి అని చెప్పి పంపాను.

ఇట్లు,
నీ కాళ్ళకు ఎప్పుడూ చెప్పులుండాలని కోరే
మీ అమ్మ,
ఆరోగ్యమ్మ.