తుంటిలో పింగాణీ గుండు

శాలిబండ, 1986
ఆదివారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. కిర్రుమన్న ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇవాళ యూసుఫ్ భాయ్ ఇంట్లో దావత్. ఉస్మాన్‌గంజ్‌లో మా పింగాణీ కప్పుల దుకాణం పక్కనే ఆయన దుకాణమూ. మా ఆయన తుంటి ఆపరేషన్ సంగతి తెలిసి కుర్చీ వేయించాడు పాపం. ఈయన వింటేనా!

"అందరు కింద కూసుంటె నేనొక్కన్ని కుర్సీల కూసోవాల్నా భాయ్?" అంటూ భోజనాలకి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

బొంబాయి డాక్టరు ఎంతగా చెప్పాడు! అరిగిన ఎముక బదులు పెట్టిన ఈ పింగాణీ గుండు అరగదట. కానీ ఇనుములా సొట్టపోయి ఊరుకోదు, పగులుతుంది. కాళ్లు మరీ మడిస్తే బరువంతా ఒక్క అంచు మీద పడుతుంది. అక్కడ వెంట్రుకంత బీట పడితే చాలు, ఏదో ఒక రోజు ఉన్నట్టుండి ముక్కలవుతుంది.

ప్రతి కప్పునూ గోటితో కొట్టి, ఖంగుమననిదాన్ని పక్కన పెట్టేసే మనిషికి ఇది నేను చెప్పాలా? ఒంట్లో ఉన్నదాన్ని ఏ గోటితో కొట్టి చూడను?

తిన్నాక చెయ్యి పట్టుకుని లేపుతుంటే కిర్రుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏం లేదే, కొత్త చెప్పుల సప్పుడు. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

అందరి ముందూ తలూపాను.

అప్పుడు చెప్పులు గడప బయటే ఉన్నాయి. ఆయనవీ, నావీ.