నాలుగో గిటార్ స్వరాలు

కురితిబా,
ఆగస్టు 9

లెయొకాదియోకు,

సెరెస్తా అనే పాత పియానో ప్రేమపాటను మీ అక్క మీ క్వార్టెట్ కోసం నాలుగు గిటార్లకు మార్చి రాసిన కాగితాలు నిన్న చూశాను. చివరి ఏడాది తన నాలుగో గిటార్ స్వరాలు కొన్ని కొట్టేసి నీ భాగంలో చేర్చింది. ఇలాగైతే వినసొంపుగా ఉంటుందంది, మనం నమ్మాం. ఉంగరపు వేలు లేవడం లేదని చెప్పలేదు. మీ అమ్మను తీసుకుపోయిన జబ్బే తననీ తీసుకుపోయింది.

ఇప్పుడు మీ అక్క కుర్చీలో మా అమ్మాయి జుసారా కూర్చుంటోంది. మొన్న ఆదివారం సాధనలో మీకు కాఫీ పోస్తూ విన్నాను.

"మామయ్యా, ఈ రెండు స్వరాలూ నువ్వు వాయించవా?"

"అప్పుడే అలసిపోయారా రాణిగారూ?"

"కాదులే, ఇలాగైతే వినసొంపుగా ఉంటుంది."

నువ్వు నవ్వి పెన్సిల్ తీశావు.

వచ్చే ఆదివారం వాటిని దానికే తిరిగి ఇచ్చెయ్యి. వాయించమని చెప్పి, ఉంగరపు వేలు చూడు. నేను వంటింట్లో ఉంటాను.

నీ బావ