ఎర్రగీత దగ్గర చెప్పే మాట

నా బంగారు తల్లి బుజ్జికి,

నాన్న వెయ్యి ముద్దులతో రాసేది. నాలుగేళ్ల తర్వాత నీ దస్తూరి చూసి రంపం ఆపేసి పరుగెత్తాను. కోతమిల్లులో అందరికీ చదివి వినిపించాను. నువ్వు పంపిన పరిశోధనలో సగం అర్థం కాలేదు, మిగతా సగం అసలే అర్థం కాలేదు. అయినా కడుపు నిండిపోయింది తల్లీ. నెలాఖరు శుక్రవారం ప్రొఫెసర్ల ముందు జవాబు చెప్పుకోవాలన్నావు. భయమెందుకు? అన్నీ నా ఒళ్లో కూర్చుని విన్న యేసు ప్రభువు మాటలే కదా. ఇంటికెప్పుడొస్తావో మాత్రం రాయలేదు.

నీ రాక కోసం చూసే
నాన్న

ప్రియమైన నాన్నకు,

భయంగానే ఉంది. నీ చెయ్యి తప్పు చేయిస్తే నరికి పారెయ్యమని ప్రభువు అన్నది ఆజ్ఞ కాదని రాశాను. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారో చూడకుండా మాటకి అర్థం తేలదని నా వాదన. పెద్ద ప్రొఫెసర్ పెదవి విరిచారు. "విన్నవాళ్లకి ఆ తేడా తెలిసిందని రుజువేది? బతికున్న మనుషుల్లో ఒక్క ఉదాహరణ చూపించు, లేకపోతే తిప్పి పంపేస్తా" అన్నారు. నాలుగేళ్ల పని నాన్నా.

నా దగ్గర ఒక్కటే ఉంది, అదీ నాకే ఎదురు తిరుగుతోంది. ఈ చదువు వద్దన్నావు, నేను విన్లేదు. "వెళ్తే నాకు కూతురు లేదనుకుంటా" అన్నావు. ఉన్నదున్నట్టే తీసుకుని గడప తొక్కలేదు. అది అలా తీసుకోవాల్సిన మాటే అయితే, నేను రాసిందంతా తప్పు. ఏదో ఒకటి చెప్పు.

నీ
బుజ్జి

నా తల్లీ,

మిల్లులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు రంపం బల్లమీద ఎర్రగీత చూపించి చెప్తాను: "ఇది దాటితే నీ చెయ్యి నేనే నరికేస్తా." ముప్ఫయ్యేళ్లుగా ఇదే మాట. ఒక్కడూ పని మానేసి పోలేదు, ఒక్కడికీ వేలు తెగలేదు. నీ ఉత్తరం చదివాక, నేను బెదిరిస్తున్నానని ఎప్పుడైనా అనుకున్నారా అని అడిగాను. కోతపని పెద్దాయన నవ్వాడు.

"మణికట్టు పట్టుకుని మరీ చెప్తావుగా మేస్త్రీ. నరికేవాడు అట్లా పట్టుకుంటాడా?"

అది విన్నాక నీతో అన్న మాట గుర్తొచ్చింది. నీకు చెప్పిన రోజు పట్టుకోలేదు తల్లీ. చదివి చదివి ప్రభువుకీ నాకూ దూరమైపోతావని భయపడ్డాను. కళ్లనీళ్లు నీకు కనబడతాయని గోడవైపు తిరిగి అన్నాను. ఆగిపోతావనే అన్నాను. నీకు వినబడింది ఒట్టి మాట. తప్పు నాది, నీ పుస్తకానిది కాదు.

శుక్రవారం మిల్లు నుంచి నలుగురం వస్తున్నాం. మొత్తం నలభై వేళ్లు, మీ ప్రొఫెసర్‌ని లెక్కపెట్టుకోమను. మిగతా ముగ్గురూ ఆయనకి జవాబు చెప్తారు. నేను ముందు నీ మణికట్టు పట్టుకోవాలి.

నీ
నాన్న