కలువ గడ్డను పీకి చూడకు

నాయినా,

నేను వనపర్తి బస్సుకు పోతున్నాను, సాయంత్రానికి వస్తాను. అన్నం, పుంటికూర పప్పు మూత పెట్టి ఉంచాను. మాత్ర తిన్నాకే వేసుకో.

చేపల తొట్టిలో నీళ్లు తగ్గితే బిందెలో పట్టి ఉంచినవి చెంబుతో పొయ్యి. బకెట్ ఎత్తకు. ఆపరేషనయ్యాక డాక్టరమ్మ వద్దన్న బరువుల్లో అదీ ఉంది.

అసలు మాట ఇది. తొట్టిలోని కలువ గడ్డను ముట్టకు. మొదటి గడ్డను విత్తనంలాగా గులకరాళ్ల కింద పూడ్చావు, మురిగిపోయింది. రెండోదాన్ని రోజూ పైకి తీసి చూశావు, అదీ పోయింది. అడిగితే, "ఏర్లు పట్టినయో లేదో సూడొద్దా బిడ్డా? పల్లి చేన్ల గూడ ఒక చెట్టు పీకి సూస్తం గదా" అన్నావు. చేనులో వేల చెట్లుంటాయి నాయినా. ఇక్కడున్నది ఒక్క గడ్డ. గడ్డలు కొన్న ఆసిఫ్ దుకాణంలో కూడా ఇదే ఆఖరిది. "మీ నాయినను జర ఓపిక పట్టమను అక్కా, అది చేపల తొట్టి, చేను గాదు" అని నవ్వాడు. పొద్దున గడ్డ కొసన ఎర్రటి మొలక కనిపించింది. అద్దం బయటి నుంచే చూడు.

చేను కౌలుకిచ్చినప్పటి నుంచి నీ చేతులు ఊరుకోవడం లేదని నాకు తెలుసు.

స్రవంతి

చెప్పడం మరిచాను. పెరట్లో, స్నానాల గది వెనక, పగిలిన గోలెంలో మట్టి నింపి పల్లీలు పెట్టాను. పూత వచ్చింది. ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టిందో లేదో నాకు తెలియడం లేదు. రోజుకో చెట్టు పీకి నువ్వే చెప్పు.