మా వీధిలో నాలుగు గంటల కరెంటు

ఆదోని,
బుధవారం.

శ్రీయుత సహాయక ఇంజనీరు గారి సముఖమునకు,
విద్యుత్ శాఖ.

అర్జీదారు: కన్యక, వయస్సు 53, కీర్తిశేషులు లక్ష్మీనరసయ్య గారి పెద్ద కుమార్తె, జిన్నింగ్ మిల్లు వెనుక వీధి.

విషయం: ఈ నెల 18వ తేదీ శనివారం ఉదయం 9 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు మా వీధికి కరెంటు నిలుపుదల – ఆ సమయమున మా ఇంటిలోని ఒక ల్యాప్‌టాప్ ఆగిపోకుండా చూడవలసినదిగా కోరుట – గురించి.

అయ్యా,

పాత తీగలు మార్చుటకు శనివారం ఎనిమిది గంటలు కరెంటు ఉండదని పత్రికలో చదివినాను. అవసరమైన పని. దానిపై నాకు ఫిర్యాదు లేదు. నా కష్టం వేరు. దానిని వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. సదరు ల్యాప్‌టాప్ మా కడగొట్టు చెల్లెలు హర్షిణిది. నాకూ ఆమెకూ ఇరవై రెండేండ్ల ఎడము. అమ్మ పోయినప్పటి నుండి నేనే సాకినాను. ఎమ్మిగనూరు మగ్గాలవారికి చీర అంచుల డిజైన్లు గీసి ఇచ్చేది. అందుకోసం కంప్యూటర్లు బాగుచేసే ఖాజా దుకాణంలో ఒకరు వాడి ఇచ్చిన యంత్రాన్ని గురువారం నాడు కొన్నాము. ఇంటికి తేకముందే మంత్రాలయం తీసుకుపోయి, స్వామి బృందావనం ఎదుట పెట్టి, మంత్రాక్షతలు చల్లినాను. ఒక గింజ మీటల సందులో ఇరుక్కున్నది. హర్షిణి నవ్వి, "సామి లోపలికే పోయి కూసున్న్యాడు లే అక్కా, ఇంగ ఏ వైరస్సూ రాదు" అన్నది. ఆ గింజ నేటికీ అక్కడే ఉన్నది.

2. మా వీధిలో పత్తి నూగు ఎంత ఎగురుతుందో తమరికి తెలుసు. దుమ్ము పడరాదని ఎమ్మిగనూరు దుప్పటి కత్తిరించి దానికి గలీబు కుట్టినాను. నడుస్తున్నప్పుడు కూడా కప్పి ఉంచేదాన్ని. లోపల ఫ్యానుకు గాలి ఆడక కాగిపోయింది. ఖాజా విప్పి చూసి, "అక్కా, దీంట్లో తలదిండుకు సరిపోయేంత పత్తి ఉంది. దుప్పటి గూడా కప్పితిరి. ఇంగ నిద్రపోక ఏం సేస్తాది?" అన్నాడు. అప్పటి నుండి కప్పలేదు.

3. నాకు సాయంత్రం నాలుగు గంటలకు వేసుకోవలసిన మాత్ర ఒకటి ఉన్నది. వేసుకోకనే వేసుకున్నానని చెప్పేదాన్ని. హర్షిణి డబ్బీలో మాత్రలు ఎంచి నా అబద్ధం పట్టుకున్నది. ఆ రోజే తన గొంతు రికార్డు చేసి, ప్రతి దినమూ సరిగ్గా నాలుగింటికి ల్యాప్‌టాప్ దానంతట అదే పలికేటట్లు పెట్టింది. అందులోని మాటలు ఉన్నవి ఉన్నట్లు:

"అక్కా, నాలుగైంది. మాత్ర ఏసుకున్న్యావా? అబద్దం సెప్పొద్దు, డబ్బీ ఎంచుతా."

రికార్డు చేస్తుండగా నేను వంటింటి నుండి అడిగినాను. అది కూడా పడింది.

"ఎవరితోనే మాటలు?"

"నీతోనే కదక్కా."

అంతటితో అయిపోతుంది.

4. రెండేండ్ల కిందట శ్రావణ మాసంలో హర్షిణికి జ్వరం వచ్చింది. కర్నూలు ఆసుపత్రికి బయలుదేరినప్పుడు, కారు ఎక్కుతూ, "ఛార్జింగ్ తీయొద్దక్కా. అంచు సగంలో ఉంది. వస్తానే పూర్తి సేస్తా" అన్నది. మూడవ నాడు పోయింది. తిరిగి వచ్చి తలుపు తీసేసరికి ఇంటిలో ల్యాప్‌టాప్ తెల్లని చిన్న దీపం వెలుగుతున్నది. నేను ఛార్జింగ్ తీయలేదు. అఖండ దీపం పెట్టినవారు దానిని కొండెక్కనివ్వరు కదా. నేనూ అట్లే కనిపెట్టుకొని ఉన్నాను. ఊరు కూడా దాటలేదు. మంత్రాలయం కూడా పోలేదు.

5. ఆమె పోయిన తరువాత కూడా దినమూ నాలుగింటికి అడుగుతున్నది.

గోడ అవతల హసీనా ఇల్లు. మొదటిసారి విన్నప్పుడు కొంగు తల మీదికి లాక్కొని పరుగున వచ్చింది.

"అక్కా, ఎవరితో మాట్లాడతాండారు?"

"హర్షిణితోనే అమ్మా."

ఆమె కొంగు సర్దుకొని, "మరి ఏసుకున్న్యారా మాత్ర?" అని అడిగింది. ఇప్పుడు నాలుగు కొట్టగానే తన కుట్టుమిషన్ ఆపుతుంది. అయిపోయినాక మొదలుపెడుతుంది. పాలు పోసే సుంకులమ్మ మాత్రం నాలుగు దాటనిదే మా గడప ఎక్కదు. ఆమెను నేను తప్పు పట్టను. ఆ గొంతుల్లో ఒకటి నాదే అయినా, విన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. చెల్లెలు బతికి ఉన్న మనిషి గొంతు అది. నాకిప్పుడు అట్లా అడగడం రాదు.

6. ఈ నెల మొదటి వారంలో ల్యాప్‌టాప్ ఒక పక్కకు లేచి, బల్ల మీద సరిగా కూర్చోలేదు. ఖాజాను పిలిపించినాను. రెండేండ్లు ఛార్జింగ్ తీయనందున బ్యాటరీ ఉబ్బిపోయిందని, ఇంకా ఉంచితే అంటుకుంటుందని చెప్పినాడు.

"పూరీ మాదిరి పొంగింది సూడక్కా. రెండేండ్లు ఎందుకు తీయలేదు?"

"తీయవద్దని చెప్పింది."

అతడు స్క్రూడ్రైవరు కింద పెట్టినాడు. "ఆయమ్మి ఆ పొద్దుకి సెప్పిందక్కా. ఎప్పటికీ అని కాదు" అన్నాడు.

ఈ మాట నేను రెండేండ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. నా పొరపాటును ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.

7. ముందుగా ఒక యూపీఎస్ పెట్టె తగిలించి, తరువాత ఖాజా వెనుక నుండి బ్యాటరీని ఊడదీసినాడు. దీపం ఆరలేదు. ఆ మోడలుకు కొత్త బ్యాటరీలు రావడం లేదట. కరెంటు పోతే యూపీఎస్ దానిని అరగంట మాత్రం నడుపుతుంది. ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చును. హసీనా ఇంటి ఇన్వర్టర్‌కు ఖాజా అటువంటిదే మరొక పాత ఛార్జర్ తగిలించి చూసినాడు. కాలిపోయింది. ఆ పైన ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

8. ఒక్కసారి ఆగితే ల్యాప్‌టాప్ తిరిగి పాస్‌వర్డు అడుగుతుంది. అది ఇవ్వనిదే లోపల ఏదీ నడవదట. పాస్‌వర్డు హర్షిణి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ తాళం పడి ఉన్న తెర మీద మా ఇంటివారి పేర్లు, దేవుళ్ళ పేర్లు అన్నీ కొట్టి చూసినాను. తెరుచుకోలేదు.

9. ఆ గొంతును ఖాజా నా ఫోనులోకి పట్టి ఇచ్చినాడు. ఉన్నది. కానీ ఫోనులో నేను నొక్కితేనే ఆమె మాట్లాడుతుంది. ఇక్కడ తనంతట తానే అడుగుతుంది. ఈ తేడాను ఏ నిబంధన కింద రాయవలెనో నాకు తెలియదు.

కావున తమరు దయతో ఈ రెంటిలో ఒకటి అనుగ్రహించవలెను:

(అ) శనివారం అరగంటకు మించకుండా కరెంటు తీస్తూ, మధ్యమధ్య ఇస్తూ పని జరిపించుట;

(ఆ) అది వీలుకాకపోతే మా ఇంటికి వచ్చే ఒక్క తీగను మాత్రం తీయకుండా వదిలివేయుట.

నేను దేవుడిని తప్ప ఎవరినీ ఏదీ అడిగి ఎరుగను. తమరికి రాయుట ఇదే మొదలు. ఇంతమాత్రం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కన్యక

తా.క. ఈ అర్జీ ఇచ్చుటకు వచ్చి, తమరు క్యాంపులో ఉన్నారంటే బయట బెంచీ మీద కూర్చున్నాను. మా వీధి లైన్‌మన్ ఉరుకుందప్ప పక్కన కూర్చొని, చదివి ఇస్తానంటే ఇచ్చినాను. రెండుసార్లు చదివినాడు.

"అక్కా, అరగంటకొకసారి అంటే దినమంతా స్తంబం దిగేది ఎక్కేది. పైన ఒగడు ఉండాడనేది కిందోడు ఒక్కసారి మరిస్తే సాలు."

"ఒక్క తీగ వదిలితే?"

"మనిషి పోయేకి ఆ ఒక్కటే సాలక్కా."

అప్పుడే అతని ఫోను మోగింది. అతని భార్య. తిన్నావా, యాడుండావు అని గట్టిగా అడగడం నాకూ వినిపించింది. అతడు తినలేదు. తిన్నాననే చెప్పినాడు.

పైన (అ), (ఆ) అని రాసిన రెండు కోరికలనూ కొట్టివేసినాను. సంతకం చేసినాను. తమరు శనివారం నిశ్చింతగా పని జరిపించవలెను. తొమ్మిదికి ముందే దీపం దగ్గర కూర్చుంటాను. అది ఆరే వరకు విష్ణు సహస్రనామం చదువుకుంటాను.

ఇంకొక్క మనవి. ఆ సాయంత్రం నాలుగు గంటలకు మా కిటికీలో నుండి మాటలు వినిపిస్తే, తీగలో కరెంటు ఉందేమోనని స్తంభం మీద ఉన్నవారు బెదరవద్దు. కరెంటు ఉండదు. మాత్ర వేసుకున్నానని చెప్పేది నేనే.